బండి జబ్బు కనిపెట్టిన మేస్త్రీకి కూలి ఎంత?

మా చెల్లెలి కొడుకు పదో తరగతి గట్టెక్కాడు. మార్కులు గొప్పవీ కావు, తీసిపారేసేవీ కావు. వాడికి ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడులో చేరాలని ఉంది. మా చెల్లెలికేమో కొడుకు ఎక్కడైనా సరే ఫ్యాను కింద కూర్చుని పనిచేస్తే చాలు. తీర్పు కోసం ఇద్దరూ నా కొట్టుకు వచ్చారు. "నువ్వే చెప్పు అన్నయ్యా, మెకానిక్కులంతా నీ కళ్ళ ముందే తిరుగుతారు కదా. ఒక్కడైనా బాగుపడ్డాడా?" అంది.

బాగుపడ్డవాళ్ళున్నారు, చితికిపోయినవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎందుకు బాగుపడ్డారన్నదే చిక్కు ప్రశ్న. ఈ జయపురంలో (రాజస్థాన్‌ది కాదు, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాది) నేను విడిభాగాలు అమ్మబట్టి ఇరవై రెండేళ్ళయింది. పొద్దున్నే నా కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడేవాళ్ళలో ఒకరు తెలుగు మనిషి, ఒకరు ఒడియా, ఇంకొకరు జగదల్‌పూర్ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ముగ్గురినీ మెకానిక్కులనే అంటాం. కానీ ఒకడు కంపెనీ షోరూములో నెల జీతగాడు. రెండోవాడు రోడ్డు పక్కన సొంత షెడ్డు పెట్టుకున్నవాడు. మూడోవాడి దగ్గరికి మిగతా మెకానిక్కులే పని పట్టుకొస్తారు. వాడు డీజిల్ పంపులు విప్పుతాడు, లేదా ఆటో ఎలక్ట్రీషియన్, లేదా లేత్ పనివాడు. మా చెల్లెలు అడిగిన ప్రశ్నకు ఈ ముగ్గురి దగ్గరా మూడు వేర్వేరు జవాబులున్నాయి.

షోరూము ఉద్యోగం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. యూనిఫాం ఉంటుంది, నెల తిరిగేసరికి జీతం వస్తుంది, పీఎఫ్ కోస్తారు, కొత్త మోడల్ రాగానే శిక్షణకు పంపిస్తారు. జీతం మాత్రం ఏళ్ళ తరబడి కుంటుతూ నడుస్తుంది. కుర్రాడు నాలుగైదేళ్ళు అక్కడ కంపెనీ ఖర్చుతో చదువుకున్నట్టు అనుకుని బయటికొస్తే లాభమే. పదిహేనేళ్ళు ఉండిపోతే ఫ్యాను కింద కూర్చున్న గుమాస్తాకూ వాడికీ తేడా చేతుల రంగులోనే కనిపిస్తుంది.

మిగతా ఇద్దరి గతి తెలియాలంటే ముందు ఈ ఊరి రోడ్డు సంగతి చెప్పాలి. కొండ కింద ఆంధ్రా వైపు సాలూరు ఉంది, కోరాపుట్ పట్నం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. రెండింటి మధ్య సుంకి, పొట్టంగి మీదుగా 26వ నంబరు జాతీయ రహదారి పాములా మెలికలు తిరుగుతుంది. విశాఖ రేవు సరుకు ఛత్తీస్‌గఢ్ వైపు ఎక్కేదీ, అటు సరుకు రేవుకు దిగేదీ చాలావరకు ఈ దారినే. దామన్‌జోడిలో నాల్కో అల్యూమినియం కంపెనీ, సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ, రాయగడ జిల్లాలో అల్యూమినా, కాగితం మిల్లులు ఉన్నాయి. లారీలకు పేరుపడ్డ సాలూరు కొండ దిగగానే ఉంది. ఇక్కడి పాత తెలుగు మేస్త్రీల్లో చాలామంది పానా పట్టడం నేర్చుకున్నది సాలూరు షెడ్లలోనే. నా కొట్టు ముందు ఒక గంట కూర్చుంటే ఓడీ-10, ఏపీ-39, సీజీ-17, అంటే ఒడిశా, ఆంధ్రా, ఛత్తీస్‌గఢ్ నంబరు ప్లేట్లన్నీ వరసగా కనిపిస్తాయి. ఒడియాలో బేరమాడి, హిందీలో డ్రైవరుతో మాట్లాడి, తెలుగులో ఓనరుకు ఫోనులో సర్దిచెప్పగల మేస్త్రీకి ఈ రోడ్డు మీద ఉన్న విలువ ఏ సర్టిఫికెట్‌కూ లేదు. సరిహద్దు పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన ఆస్తి. వాళ్ళకే ఆ సంగతి తెలియదు.

కొండ రోడ్డు బళ్ళను తినేస్తుంది. ఎక్కేటప్పుడు క్లచ్ ప్లేటు, దిగేటప్పుడు బ్రేకు లైనర్లు. గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగిన కొత్త డ్రైవరు బండి సాలూరు చేరేసరికి డ్రమ్ముల్లోంచి పొగ వస్తుంటుంది. విప్పి చూస్తే లైనరు కాలి గాజులా మెరుస్తుంది, వేలితో రుద్దితే జారిపోతుంది. మైదానంలో తిరిగే లారీ కంటే ఘాటు రోడ్డు ఎక్కి దిగే లారీ షెడ్డు ముఖం ఎక్కువసార్లు చూస్తుంది. దీనికి తోడు సర్కారు నిబంధన ఒకటుంది. సరుకు రవాణా బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. ఫిట్‌నెస్ నెలలో ఓనర్లకు మెకానిక్కుల మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

అయితే ఈ రోడ్డు ఎప్పటికీ ఇలాగే ఉండదు. రాయపూర్ నుంచి విశాఖ దాకా 464 కిలోమీటర్ల పొడవున ఆరు వరసల కొత్త రహదారి వేస్తున్నారు. అది ఊళ్ళను తప్పించుకుని పోయే రకం. ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికీ దిగడానికీ వీలుండదు. దూరప్రయాణపు లారీలు అటు మళ్ళితే సుంకి ఘాటు ఎక్కే బళ్ళు తగ్గుతాయి. దారిన పోయే బండి చెడిపోతుందని కాచుకుని కూర్చునే షెడ్డుకు ఇది చేదు వార్త. స్థానిక బళ్ళను, అంటే బస్సులు, ట్రాక్టర్లు, టిప్పర్లు, ఊళ్ళో మోటారు సైకిళ్ళను నమ్ముకున్నవాడికి పెద్దగా తేడా పడదు. షెడ్డుకు స్థలం ఇప్పుడు చూసుకునేవాడు ఈ మాట మనసులో పెట్టుకోవాలి.

పని ఉంటుందన్న మాట నిజమే. ఆ పనికి డబ్బు ఏ రూపంలో వస్తుందన్న దగ్గరే అసలు ముడి ఉంది. దాన్ని చూపించాలంటే కిందటి ఏడాది మా వీధిలో జరిగిన ఒక లారీ కథ చెప్పాలి.

బీఎస్-6 బండి, అంటే పొగ కాలుష్యం తగ్గించాలన్న కొత్త నిబంధనల ప్రకారం తయారైనది. ఘాటు ఎక్కుతుంటే ఊపు చచ్చిపోతోంది. ఇంజను మోగుతుంది, బండి కదలదు. డ్రైవరు క్లచ్ పోయిందన్నాడు. మొదటి షెడ్డులో గేరుబాక్సు దించి కొత్త ప్లేటు వేశారు. ప్లేటు నా దగ్గరే కొన్నారు కాబట్టి నాకేమీ బాధ లేదు. రెండు రోజులకు బండి మళ్ళీ అదే మలుపులో ఆగింది. అప్పుడు మా కొట్టు వెనకాల సందులో ఉండే ఎలక్ట్రికల్ మేస్త్రీ దగ్గరికి తెచ్చారు. ఆయన పానా ముట్టుకోలేదు. బండిలోని కంప్యూటర్‌ను చదివే స్కానరు పెట్టి ఒక గంట, వైర్లు తడుముతూ ఇంకో గంట, డ్రైవరును కూర్చోబెట్టి ఎక్కడెక్కడ ఎప్పుడెప్పుడు ఆగిందో అడుగుతూ మధ్యాహ్నమంతా గడిపాడు. మర్నాడు పొగగొట్టం దగ్గర ఒక చిన్న నాజిల్ విప్పి నా కౌంటరు మీదికి తెచ్చి చూపించాడు. దాని మూతి చుట్టూ తెల్లగా, కల్లుప్పులా గడ్డకట్టి ఉంది.

అది యూరియా. బీఎస్-6 లారీలకు డీజిలుతో పాటు డెఫ్ అనే ద్రవం పోస్తారు. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. డ్రైవర్లు దాన్ని యూరియా అనే అంటారు. అది పొగలోకి చిమ్మితే నైట్రోజన్ విషవాయువులు విరిగిపోతాయి. నాజిల్ పూడుకుపోయి అది సరిగా చిమ్మకపోతే, బండిలోని కంప్యూటర్ ముందు దీపం వెలిగించి హెచ్చరిస్తుంది, పట్టించుకోకపోతే ఇంజను బలాన్ని తనంతట తానే కోసేస్తుంది. క్లచ్‌కు ఏ రోగమూ లేదన్నమాట. మందేమిటంటే వేడినీళ్ళు. యూరియా గడ్డ వేడినీళ్ళలో కరిగిపోతుంది. పక్క టీ దుకాణంలో ఒక గిన్నెడు కాచి తెచ్చి, నాజిల్ నానబెట్టి, బిగించి, కంప్యూటర్‌లో నమోదైన పాత లోపం కోడును స్కానరుతో చెరిపేశాడు. బండి గుర్రంలా ఘాటు ఎక్కింది.

ఓనరుకు రెండు వేలు చెప్పాడు. "వేడినీళ్ళకు రెండు వేలా?" అన్నాడు ఓనరు. చివరికి ఐదువందలు చేతిలో పెట్టి వెళ్ళాడు. అదే ఓనరు, తప్పుడు క్లచ్ వేసిన షెడ్డుకు గేరుబాక్సు దించిన కూలి పైసా తగ్గించకుండా ఇచ్చాడు. అక్కడ ముగ్గురు మనుషులు చెమటోడ్చడం తన కళ్ళతో చూశాడు కదా.

ఈ వృత్తి బాగుంటుందా లేదా అన్న ప్రశ్న మొత్తం ఆ గిన్నెడు నీళ్ళ దగ్గరే తేలుతుందని నా అభిప్రాయం. పాతకాలపు బండిలో కంప్లైంటు పట్టడానికి పది నిమిషాలు, పని చేయడానికి రోజంతా పట్టేది. కార్బ్యురేటర్ (పెట్రోలును గాలిలో కలిపే భాగం) ఉన్న బండి స్టార్టు కాకపోతే మూడే మూడు అనుమానాలు: పెట్రోలు, గాలి, మెరుపు. మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఏ బేరింగు అరుస్తోందో చెప్పేవాడు. ఆ తర్వాత విప్పడం, మార్చడం, బిగించడం. కూలి లెక్కలన్నీ ఆ విప్పడం చుట్టూనే అల్లుకున్నాయి. ఇంజను దించితే ఇంత, హెడ్డు విప్పితే ఇంత, బ్రేకులు నాలుగూ చేస్తే ఇంత. కంప్లైంటు పట్టినందుకు ప్రత్యేకంగా ఇంత అని ఎవరూ ఎప్పుడూ రాయలేదు, రాయాల్సిన అవసరమూ రాలేదు.

2017 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-4 వచ్చింది. సరిగ్గా మూడేళ్ళకు, 2020 ఏప్రిల్ 1న, ఐదో మెట్టును దాటేసి బీఎస్-6 దిగింది. దాంతో సాదాసీదా మోటారు సైకిల్ కూడా కార్బ్యురేటర్ వదిలేసి, కంప్యూటరు చెప్పినంత పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్‌లోకి మారింది. అంతకు ముందు ఏడాదే 125 సీసీ దాటిన కొత్త బళ్ళకు ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. ఇప్పుడు ఊళ్ళో పాలు పోసే కుర్రాడి బండిలో కూడా ఒక కంప్యూటరు ఉంది. బండి మొరాయిస్తే కారణం సెన్సరు కావచ్చు, ఎలుక కొరికిన వైరు కావచ్చు, తుప్పు పట్టిన కనెక్టరు కావచ్చు. కనుక్కోవడానికి సగం రోజు, బాగుచేయడానికి పది నిమిషాలు. పని తలకిందులైంది. కూలి లెక్క మాత్రం కార్బ్యురేటర్ కాలం నాటిదే.

ఎందుకు తలకిందులైందో దగ్గరగా చూడాలంటే ఒక్క సెన్సరు చాలు. యాక్సిలరేటర్ ఎంత తిప్పామో చెప్పే సెన్సరుకు సాధారణంగా మూడు వైర్లుంటాయి. ఒకదాంట్లో కంప్యూటరు 5 వోల్టులు పంపుతుంది, ఒకటి ఎర్తు, మూడోది జవాబు తీసుకెళ్ళేది. హ్యాండిల్ తిప్పుతూ పోతే ఆ జవాబు దాదాపు అర వోల్టు నుంచి నాలుగున్నర దాకా మెల్లగా పెరగాలి. మధ్యలో ఎక్కడైనా గభాలున సున్నాకు పడితే సెన్సరు అరిగింది. అసలు 5 వోల్టులే రాకపోతే తప్పు సెన్సరుది కాకపోవచ్చు, ముందు వైరు చూడాలి. కొన్ని వందల రూపాయల మల్టీమీటరు, ఐదు నిమిషాల ఓపిక ఉంటే తేలే విషయం. ఇది తెలియనివాడు ఏం చేస్తాడంటే, స్కానరులో సెన్సరు పేరు కనబడగానే నా కొట్టుకొచ్చి కొత్త సెన్సరు కొంటాడు. వేస్తాడు, బండి బాగుపడదు, ఇంకోటి కొంటాడు. ఎలక్ట్రికల్ సామాను విప్పాక వెనక్కి తీసుకోబోమని మా కొట్లో బోర్డు ఉంది. ఇలాంటివాళ్ళ వల్ల నాకు వ్యాపారం, వాళ్ళకు నష్టం. స్కానరు జబ్బు పేరు చెప్పదు, ఎక్కడ నొప్పో చెబుతుంది, అంతే.

తప్పంతా మేస్త్రీలదే అనడమూ అన్యాయం. బండి లోపలి సమాచారాన్ని కంపెనీలు గుప్పిట్లో పెట్టుకున్నాయి. విడిభాగాలు, పరీక్షించే పరికరాలు బయటి మెకానిక్కులకు దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తర్వాత ఆ వ్యవహారం అప్పీళ్ళ దారి పట్టింది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ 'మరమ్మతు హక్కు' పేరుతో ఒక కమిటీ వేసి, ఆ డిసెంబరులోనే పోర్టల్ తెరిచింది. వాహనాలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. కానీ నా సందులోని మేస్త్రీ వైరింగు బొమ్మ కోసం ఇప్పటికీ ఫోనులో యూట్యూబే వెతుకుతాడు, లేదా విజయనగరంలో ఉన్న తోటి మేస్త్రీకి వాట్సాప్‌లో ఫొటో పంపుతాడు.

ఇక కరెంటు బళ్ళు. "అవి వచ్చాక మెకానిక్కులెందుకు?" అని మా బావగారు ఫోనులో అడిగాడు. ఇంజను ఆయిలు, క్లచ్ ప్లేటు, పిస్టను రింగులు ఉండవు, నిజమే. షెడ్డు తిండిలో సగం అవే కాబట్టి, విప్పి బిగించే పనినే నమ్ముకున్నవాడికి గండమే. కానీ బ్రేకులు, టైర్లు, షాకబ్జార్బర్లు, స్టీరింగు ఎక్కడికీ పోవు. వైర్లు, కనెక్టర్లు, కంట్రోలర్లు పెరుగుతాయి. ఇవాళ అమ్ముడైన పెట్రోలు బండి రిజిస్ట్రేషనే 15 ఏళ్ళు ఉంటుంది, ఆ పైన పొడిగించుకోవచ్చు. కాబట్టి పదహారేళ్ళ మా మేనల్లుడు ముప్పై దాటేదాకా రెండు రకాల బళ్ళూ చూస్తాడు. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. కరెంటు కారు బ్యాటరీలో వందల వోల్టులుంటాయి. నారింజ రంగు కేబుల్ కనిపించిన చోట, శిక్షణ, రబ్బరు తొడుగులు లేకుండా చెయ్యి పెట్టకూడదు. పన్నెండు వోల్టుల అలవాటు అక్కడ ప్రాణం తీస్తుంది.

ఐటీఐ మేలా, షెడ్డు మేలా? పాతతరం మేస్త్రీలు పదేళ్ళకో పన్నెండేళ్ళకో షెడ్డులో చేరి, చివాట్లు తిని, డీజిలుతో సామాను కడిగి నేర్చుకున్నవాళ్ళు. ఇప్పుడు 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం, అలా ఉండటమే మంచిది. ఐటీఐలో మోటార్ వెహికిల్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళు, డీజిల్ మెకానిక్ ఏడాది. ఎలక్ట్రిక్ వాహనాలకూ ఇప్పుడు ట్రేడు ఉంది. ఒడిశాలో చేరాలంటే ప్రభుత్వపు శామ్స్ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టాలి.  ఐటీఐలో కొలతలు, కరెంటు సూత్రాలు, బొమ్మ చదవడం నేర్పుతారు. పదిమంది కలిసి ఒకే పాత ఇంజను విప్పుతారు కాబట్టి చెయ్యి మాత్రం తిరగదు. షెడ్డులో చెయ్యి తిరుగుతుంది, ఎందుకు అని అడిగితే పానా విసురుతారు. రెండూ కావాలి. పైగా ఐటీఐలో ఇచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. సరిహద్దు మనుషులకు ఇది చిన్న సంగతి కాదు. ఇక్కడ పుట్టి ఇక్కడే చదివిన తెలుగు పిల్లలు ఆంధ్రాలో స్థానికులు కారని చాలాచోట్ల తలుపులు మూసుకుంటాయి. రైల్వే అప్రెంటిస్‌షిప్ లాంటి చోట అడిగేది మార్కులు, సర్టిఫికెట్టే.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయం. నా ఖాతా పుస్తకం తెరిచి చూస్తే, మూతబడిన షెడ్లలో పని లేక మూతబడ్డవి తక్కువ. అప్పు తిరిగిరాక మూతబడ్డవే ఎక్కువ. లారీ ఓనరు "కిరాయి రాగానే ఇస్తాను" అంటాడు. మేస్త్రీ నా దగ్గర అప్పు మీద సామాను తెచ్చి వేస్తాడు. ఓనరు ఇవ్వడు, మేస్త్రీ నాకివ్వడు, మూడో నెలలో నేను సామాను ఆపుతాను. మంచి పనివాళ్ళే ఎక్కువగా ఇందులో మునిగారు, ఎందుకంటే వాళ్ళ దగ్గరికే ఎక్కువ బళ్ళు వచ్చాయి. ముద్రా రుణం తీసుకుని కంప్రెషర్, జాకీలు కొన్నవాళ్ళను చూశాను, అందులో తప్పు లేదు. అదే రుణాన్ని ఓనర్ల బాకీల్లో పోసినవాళ్ళనూ చూశాను. ఇక చేతిపనివాళ్ళ కోసం 2023 సెప్టెంబరులో మొదలైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి, తాళాలు చేసేవాడు, పడవలు కట్టేవాడు అందరూ ఉన్నారు. బళ్ళు బాగుచేసేవాడు లేడు.

నిలదొక్కుకున్నవాళ్ళు ఏం చేశారంటే, కొందరు సామాను డబ్బు ముందే తీసుకున్నారు. మా సందులోని మేస్త్రీ ఆ లారీ గొడవ తర్వాత గోడ మీద సున్నంతో రాయించాడు: 'చెకింగుకు 400. పని ఇక్కడే చేయిస్తే బిల్లులో తగ్గిస్తాం.' మొదటి నెల గిరాకీ సగానికి పడింది. ఇప్పుడు తక్కిన మెకానిక్కులే తమకు అంతుపట్టని బళ్ళను ఆయన దగ్గరికి తోలుతున్నారు, ఆ 400 వాళ్ళే ఇస్తున్నారు. కంప్లైంటు పట్టడం ఎంత కష్టమో పని తెలిసినవాడికే తెలుస్తుంది.

శరీరం సంగతి కూడా మా చెల్లెలికి దాచకుండా చెప్పాను. నలభై దాటిన మేస్త్రీల్లో నడుము నొప్పి లేనివాడు నాకు తెలియదు. వాడేసిన ఇంజను ఆయిలు చర్మానికి మంచిది కాదు, అందులో క్యాన్సరు తెచ్చే పదార్థాలుంటాయి. పెట్రోలుతో చేతులు కడుక్కోవడం ఇంకా అధ్వాన్నం. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఎగరగొడతారు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే. యాభై రూపాయల తొడుగులు, మాస్కు పెట్టుకోమంటే నవ్వుతారు. పెళ్ళి సంబంధాల దగ్గర 'మెకానిక్' అంటే ముఖం చిట్లించేవాళ్ళున్నారు, 'సొంత వర్క్‌షాపు' అంటే కుర్చీ వేసేవాళ్ళూ వాళ్ళే.

ఇదంతా విన్నాక మా చెల్లెలు, "అయితే చేర్చమంటావా వద్దంటావా?" అంది. చేర్చమన్నాను. సెలవు రోజుల్లో నా సందులోని మేస్త్రీ దగ్గర కూర్చోబెట్టమన్నాను, ఇంజను పని కంటే ముందు వైరింగు పట్టుకోమన్నాను. వాడి ముఖంలో నమ్మకం కనిపించలేదు. అందుకని కొట్టు వెనకాల తుక్కులో పడి ఉన్న పాత వైర్ల కట్ట ఒకటి తెచ్చి, మల్టీమీటరు చేతికిచ్చాను. అందులో ఒక వైరు లోపల తెగి ఉంది, పైకి కనబడదు, ఏదో కనుక్కోమన్నాను. ఉదయం పదకొండుకు కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే రాలేదు. సాయంత్రం టీ వేళకు ఆకుపచ్చ వైరు ఒకటి వేలికి చుట్టుకుని వచ్చి, ఎక్కడ తెగిందో గోటితో నొక్కి చూపించాడు.

"దీనికి ఎంత ఇస్తావు మామయ్యా?" అన్నాడు.

రెండు వందలు ఇచ్చాను. తక్కువన్నాడు.